పాలెమంతటికీ బొట్టు

పోలేరమ్మకు ఒక జబ్బుంది. పిలవని చోటికి పోదు. ఒకసారి సొంత ఆడపడుచు కూతురి పెళ్లికి పిలుపుల వాళ్లు వచ్చేసరికి పోలేరమ్మ చేపల గంపతో ఊళ్ల మీద ఉంది. ఇంట్లో ఎవరూ లేరని వాళ్లు గడపకు బొట్టు పెట్టి వెళ్లిపోయారు. పెళ్లినాడు మూడిళ్ల అవతల నుంచి తాలింపు వాసన ఘుమఘుమలాడుతుంటే ఈవిడ ఇంట్లో కూర్చుని ఎండుచేప కాల్చుకుని గంజి తాగింది. ‘‘గడపను పిలిచారుగా, గడపే పోతదిలే’’ అంది. చివరికి పెళ్లికూతురి తండ్రి వచ్చి బతిమాలి తీసుకుపోవాల్సి వచ్చింది.

ఇది పోలేరమ్మ ఒక్కదాని జబ్బనుకుంటే పొరపాటు. సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బల మధ్య ఉన్న ఆ చేపల పాలెం మొత్తానికీ ఉంది. అందరివీ తాటాకు ఇళ్లే, అందరివీ రెక్కాడితేగానీ డొక్కాడని బతుకులే. కానీ మర్యాద దగ్గరకొచ్చేసరికి వాళ్ల ముందు జమీందార్లు దిగదుడుపే. ఈ సంగతి సంపూర్ణమ్మకు ఏళ్ల తరబడి తెలుసు. తెలిసీ ఒక్కసారి మరిచిపోయింది.

సంపూర్ణమ్మది పాలేనికి మూడు మైళ్లు లోపల, కాలవ గట్టు కింద ఉన్న క్రైస్తవుల పేట. భర్త సంజీవరావు లాకుల దగ్గర కాలవకు నీళ్లు వదిలే లస్కరు, ఆదివారం వస్తే చర్చిలో సంఘపెద్ద. పేటలో మిగతా అందరూ వ్యవసాయ కూలీలు. పోలేరమ్మ రోజూ పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకుని వచ్చి సంపూర్ణమ్మ అరుగు మీద దించేది. అక్కడే బేరం, అక్కడే పోట్లాట, అక్కడే నవ్వులు.

‘‘ఇది నిన్నటి చేప కాదూ?’’ అనేది సంపూర్ణమ్మ మొప్పలు ఎత్తి చూసి.

‘‘నిన్నటిదైతే నిన్నే అమ్ముకునేదాన్నిగా? దాచుకుని నీకు తెచ్చానా?’’ అనేది పోలేరమ్మ.

ఇంత చనువున్నా పోలేరమ్మ ఆ పేటలో మంచినీళ్లు ముట్టేది కాదు. గంపలో చిన్న చెంబు పెట్టుకుని తన నీళ్లు తనే తెచ్చుకునేది. ఎందుకో ఇద్దరికీ తెలుసు. అది వాళ్లిద్దరూ గీసిన గీత కాదు, వాళ్లకంటే ముందువాళ్లు గీసింది. దాని గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

డెబ్బై ఏడు నవంబరులో ఒక ఉదయం ముసురు పట్టి ఉంది. పోలేరమ్మ సగం చేపలే అమ్ముకుని, గాలి పెరుగుతోందని తొందర తొందరగా గంప ఎత్తుకుంది. వాకిట్లో వడ్లు తడవకుండా లోపలికి ఎత్తిపోసుకుంటున్న సంపూర్ణమ్మ తల తిప్పకుండానే అంది: ‘‘పెద్ద గాలివాన వస్తదంట గదా. అంతగా అయితే మా పేటకు రండి.’’

‘‘అట్టాగేలే’’ అని పోలేరమ్మ గట్టెక్కి వెళ్లిపోయింది.

అంతగా అయితే. మనవాళ్లు రోజుకు పదిసార్లు అనే మాటే. అంతగా అయితే డాక్టరు దగ్గరికి పోదాం. అంతగా అయితే వాళ్లనే అడుగుదాం. తీరా అంత అయ్యేసరికి పోవడానికి దారీ ఉండదు, అడగడానికి నోరూ ఉండదు. అలాంటి మాట పట్టుకుని, భర్తతో, ఇద్దరు కొడుకులతో కలిసి, నీళ్లు కూడా తాగని పేటకు పోలేరమ్మ తగుదునమ్మా అని ఎలా వస్తుంది?

మర్నాడు దివిసీమ మీద ఉప్పెన పడింది. దాని గురించి ఆ వైపు వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు, మిగతావాళ్లకు ఎంత చెప్పినా చాలదు. పాలెంలో సగంమంది మిగల్లేదు. పోలేరమ్మ చిన్నకొడుకు పోయాడు. ఆమె, భర్త కాశీరావు, పెద్దకొడుకు పెద్దబ్బాయి బతికి బయటపడ్డారు. పక్క పాలెంలో తిరపతమ్మ అనే పిల్ల తుమ్మచెట్టును పట్టుకుని ప్రాణం దక్కించుకుంది. ఆమె పుట్టింటి తాలూకు మనిషన్నవాడు మిగల్లేదు.

మిగిలినవాళ్లు బురదలో నడుచుకుంటూ పేటకు చేరారు. పేటలోనూ ఇళ్లు పడిపోయాయి, చర్చి పైకప్పు రేకులన్నీ గాలికి లేచిపోయాయి. అయినా పేటవాళ్లు తలా ఒక గుప్పెడు నానిపోయిన బియ్యం ఏరి తెచ్చి, పెద్ద గుండిగలో గంజి కాచారు. ఆ గంజి పోలేరమ్మ తాగింది. ఆ నీళ్లూ తాగింది. చెంబు ఏమైందని ఎవరూ అడగలేదు.

ఒకరోజు సంపూర్ణమ్మ ఉండబట్టలేక, ‘‘రమ్మన్నాను గదా పోలేరమ్మా, ఎందుకు రాలేదు?’’ అని ఏడ్చింది.

‘‘రమ్మన్నావు. పిలవలేదు’’ అంది పోలేరమ్మ. ఆ మాట ఆమె కోపంగా అనలేదు. సముద్రం ఇవాళ పోటు, నిన్న పాటు అన్నంత మామూలుగా అంది. అదే సంపూర్ణమ్మకు గొంతులో చేప ముల్లయి కూర్చుంది. అప్పటినుంచి ఇద్దరూ ‘వదినా’ అని పిలుచుకోవడం మొదలుపెట్టారు. ముల్లు మాత్రం దిగలేదు.

తర్వాత పాలెంవాళ్లను పట్నంలో శిబిరానికి తీసుకుపోయారు. అక్కడ తిండి దొరికింది, కాదనకూడదు. కానీ చేతిలో పళ్లెం పట్టుకుని, ఎండలో వరసలో నిలబడి, పడితే ఒక గరిటె, కసిరితే ఒక మాట తిని బతకాల్సి వచ్చింది. ఎవరో వచ్చి ఫోటోలు కూడా తీశారు. నడిసముద్రంలో ఎన్నో గాలులు చూసిన కాశీరావు ఆ ఫోటోవాడి ముందు ముఖం దాచుకోవడానికి చోటు లేక కళ్లు మూసుకున్నాడు. పాలెం తిరిగొచ్చాక దిబ్బ మీద నిలబడి, ‘‘చస్తే ఇక్కడే చస్తాను గానీ మళ్లా పళ్లెం పట్టుకుని లైన్లో నిలబడేది లేదు’’ అని ఒట్టు పెట్టుకున్నాడు. పాలెంలో మిగిలిన మగవాళ్లందరూ ఆ ఒట్టు తమదే అనుకున్నారు.

మరుసటి ఏడు తిరపతమ్మను పెద్దబ్బాయికి చేసుకున్నారు. అటూ ఇటూ వీళ్లే నిలబడి పెళ్లి చేశారు.

డెబ్బై తొమ్మిది మే నెలలో మళ్లీ బెజవాడ రేడియో తుపాను కబుర్లు మొదలుపెట్టింది. సంజీవరావు లాకుల ఆఫీసులో టెలిఫోను దగ్గర కూర్చుని విని, మధ్యాహ్నం ఇంటికొచ్చి కండువాతో చెమట తుడుచుకున్నాడు.

‘‘రేపు సాయంత్రానికి గట్టిగా కొడతదంట. పాలెం దగ్గరికి లారీలు పంపారు. ఖాళీగా తిరిగొచ్చినియ్యి’’ అన్నాడు.

‘‘ఒక్కరూ ఎక్కలేదా?’’

‘‘పిల్లల్ని ఎక్కించారంట. తల్లులొచ్చి దించుకుపోయారంట.’’

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారని పేరుపడ్డ అధికారులు ఈసారి కాలకముందే ఆకులు తెచ్చారు. పాపం, వాటిని పట్టుకునేవాడే లేకపోయాడు. వాళ్లను అని లాభం లేదు. ఎక్కండి, దిగండి, పదండి అనడం వాళ్లకు వచ్చు. పిలవడం రాదు.

సంపూర్ణమ్మ చేటలో బియ్యం అలాగే వదిలేసి కూర్చుండిపోయింది. తిరపతమ్మకు ఏడో నెల. నిన్ననే పోలేరమ్మ అరుగు మీద కూర్చుని, కోడలికి మామిడికాయ మీద మనసవుతోందని రెండు కాయలు కొంగున కట్టుకుపోయింది. ఏడాదిన్నర కిందట ఒక పిల్లవాడు పోయిన ఇంట్లో ఇప్పుడు ఒక బిడ్డ రాబోతోంది. ఈసారి ఆ ఇల్లు కదలకపోతే తనకిక ఆ అరుగు వైపు చూసే ముఖం ఉండదు.

‘‘నేను పోతాను’’ అంది లేచి.

‘‘లారీలకే ఎక్కనోళ్లు నువ్వు చెబితే వింటారా?’’

‘‘చెప్పను. పిలుస్తాను.’’

‘‘దేనికని పిలుస్తావే? గాలివానకా?’’ అన్నాడు సంజీవరావు.

‘‘తిరపతమ్మకు ఏడో నెల. పుట్టింటోళ్లు సీమంతం చేసి గాజులు తొడగాలా, వద్దా? ఆ పిల్లకు పుట్టిల్లు లేదు. మనిల్లే పుట్టిల్లు. పుట్టింటోళ్లు పాలెమంతా పిలుస్తారు. ఎవరు కాదంటారు?’’

సంజీవరావు భార్య ముఖంలోకి చూశాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మనిషి ఎన్నోసార్లు ఆయన్ని ఓడించింది గానీ, ఓడిపోయినందుకు ఆయన ఇంత సంతోషపడటం ఇదే మొదటిసారి. ‘‘వలలొదిలిపెట్టి మగోళ్లు కదలరు. నేను బండ్లు కట్టిచ్చుకుని వెనకే వస్తా’’ అన్నాడు.

కుంకుమ లేదు. క్రైస్తవుల ఇంట్లో ఎక్కడినుంచి వస్తుంది? ఊళ్లో రామకోటేశ్వరరావు కిరాణా కొట్టుకు పరుగెత్తింది. ఆయనకు నోటి దురద ఎక్కువ. పసుపు, కుంకుమ, గాజులు అనేసరికి కళ్లజోడు పైనుంచి చూసి, ‘‘ఏం సంపూర్ణమ్మా, మీ పాస్టరుగారికి తెలుసా?’’ అన్నాడు.

‘‘పాలెమంతా పేరంటానికి పిలవాలండి. ఈ సాయంత్రానికే.’’

రామకోటేశ్వరరావు నోరు మూతపడింది. కొట్టులోంచి వంగి ఒకసారి ఆకాశం చూశాడు. తర్వాత లోపలికి వెళ్లి భార్య వెండి కుంకుమ భరిణె పట్టుకొచ్చాడు. ‘‘పొట్లం చేత్తో పట్టుకుని ఎవరైనా పేరంటం పిలుస్తారటమ్మా? ఇది తీసుకుపో. గాజుల పెట్టె మొత్తం తీసుకుపో. బియ్యం, బెల్లం సాయంత్రానికి నేను పంపిస్తాను.’’

చర్చి దగ్గర పాస్టరు ఇశ్రాయేలు ఎదురయ్యాడు. కుర్రవాడు, పేటకు కొత్తగా వచ్చాడు. భరిణె చూసి తడబడి, ‘‘బొట్టు మన పద్ధతి కాదు గదమ్మా’’ అన్నాడు.

‘‘నేను పెట్టుకోటం లేదండి అయ్యగారూ. పెడుతున్నాను.’’

ఆయన మనసులో ఏమేం తేల్చుకున్నాడో గానీ, జేబులోంచి చర్చి తాళాలు తీశాడు. ‘‘బల్లలు బయట పెట్టించి చాపలు పరిపిస్తాను. పేరంటాళ్లు కూర్చోవాలి గదా’’ అన్నాడు. ఆ ఒక్కమాటతో పేటలో ముసలివాళ్లందరూ ఆయన్ని తమ పాస్టరుగా ఒప్పుకున్నారు.

పేట నుంచి రూతు, ఎలిజబెత్ అనే ఇద్దరు ఇల్లాళ్లను తోడు తీసుకుని సంపూర్ణమ్మ పాలెం చేరేసరికి పొద్దు వాలుతోంది. సముద్రం నూనె పోసినట్టు కదలకుండా ఉంది. ముందుగా అత్తింటివాళ్లను అడగాలి. అత్తగారు ఒప్పుకోకపోతే సీమంతమూ లేదు, పిలుపూ లేదు.

పోలేరమ్మ వాకిట్లో ఎండుచేపలు ఎత్తుతోంది. కాశీరావు వల పక్కన కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. భరిణెతో వస్తున్న సంపూర్ణమ్మను చూసి పోలేరమ్మ చేతిలో చేపలు అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

సంపూర్ణమ్మ దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు అప్పజెప్పింది. ‘‘వదినా, మా అమ్మాయి తిరపతమ్మకు రేపు పొద్దున మా పేటలో సీమంతం చేస్తన్నాం. నువ్వూ, అన్నయ్యా, అల్లుడూ పిల్లను తీసుకుని ఈ సాయంత్రానికే బయలుదేరి రావాలి. పాలెమంతా రావాలి. వచ్చి, రెండు రోజులుండి పోవాలి.’’

‘‘ఆ పిల్లకు పుట్టిల్లు లేదు గదా వదినా’’ అంది పోలేరమ్మ మెల్లగా. గుడిసె గుమ్మంలో తిరపతమ్మ పొట్ట మీద చెయ్యి వేసుకుని వింటోంది.

‘‘ఎందుకు లేదు? నువ్వు రోజూ గంప దించే అరుగు ఎవరిదనుకున్నావు?’’

కాశీరావు చుట్ట ఇసుకలో గుచ్చాడు. ఆయన తెలివితక్కువవాడేం కాదు. ‘‘ముహూర్తం ఎవరు పెట్టారమ్మా?’’ అన్నాడు.

‘‘బెజవాడ రేడియో పెట్టిందన్నయ్యా’’ అంది సంపూర్ణమ్మ. అబద్ధం ఆడటం ఆమెకు చేతకాదు.

‘‘అదీ సంగతి. మళ్లా పళ్లేలు, మళ్లా లైను.’’

‘‘లైను లేదన్నయ్యా. మీ బావ కాళ్లకు నీళ్లిస్తాడు. కూర్చోబెట్టి విస్తళ్లేసి మేం వడ్డిస్తాం. వియ్యాలోరిని లైన్లో నిలబెట్టే మనుషులమా మేం?’’ ఆ మాటకు నిజంగానే ఆమెకు కోపం వచ్చింది.

సంపూర్ణమ్మ భరిణె తెరిచి కుంకుమలో బొటనవేలు ముంచి ముందుకు వచ్చింది. తీరా దగ్గరికొచ్చాక ఆ వేలు గాల్లోనే ఆగిపోయింది. పోలేరమ్మ కాదని ముఖం తిప్పుకుంటే? ఏడాదిన్నర కిందట పిలవలేదు, ఇవాళ పిలుస్తున్నావా అంటే? అనడానికి ఆమెకు హక్కుంది.

పోలేరమ్మ చేపలు కింద పెట్టి, చేతులు చీరకు తుడుచుకుంది. ‘‘నీకు బొట్టు పెట్టటం కూడా చేతకాదు గదే’’ అంది. సంపూర్ణమ్మ బొటనవేలు మడిచి, ఉంగరపు వేలు పట్టుకుని కుంకుమలో అద్ది, ఆ వేలిని తన నుదుటి మీదకు తనే తెచ్చుకుంది. ఇద్దరి కళ్లూ నిండాయి. గుమ్మంలో తిరపతమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. ఉప్పెన తర్వాత ఆ పిల్ల నోరు తెరిచి ఏడవడం పాలెంలో ఎవరూ వినలేదు.

ఇక పోలేరమ్మను ఆపేవాళ్లు లేరు. అత్తగారి హోదాలో తనే ముందు నడుస్తూ ఇల్లిల్లూ తిప్పింది. సంపూర్ణమ్మ పెట్టిన బొట్లలో ఒకటి రూపాయి కాసంత, ఒకటి ముక్కు మీదకు జారినంత. పక్కింటి రత్తయ్య భార్య అద్దం చూసుకుని, ‘‘ఇదేం బొట్టమ్మా, పోతురాజుకు పెట్టినట్టు!’’ అని పడీపడీ నవ్వింది. రెండు రోజులుండి పోవాలన్న మాట దగ్గర మాత్రం ప్రతి ఇంట్లోనూ ఒకసారి సముద్రం వైపు చూశారు. అది ఏ పేరంటమో తెలియని పసిపిల్ల కూడా పాలెంలో లేదు. కానీ ఎవరూ గాలి మాట ఎత్తలేదు. పొద్దున లారీ దగ్గరినుంచి పిల్లల్ని దించుకుపోయిన తల్లులు ఇప్పుడు పెట్టెలు తెరిచి, ఉన్నవాటిలో మంచి చీర ఏదా అని వెతుక్కున్నారు. నేనైతే ఆ పాలేనికి అక్కడే చేతులెత్తి దణ్ణం పెడతాను. బతకడానికి వెళ్తూ కూడా తల దించుకుని కాదు, తల దువ్వుకుని బయలుదేరారు.

సంజీవరావు బండ్లు తోలుకొచ్చాడు. వలలు, తాళ్లు, వంటగిన్నెలు బండ్ల మీదికెక్కాయి. పడవలను పేటవాళ్లు, పాలెంవాళ్లు కలిసి లాగి మడచెట్ల మధ్య కాలవలో కట్టేశారు. కాశీరావు ఒక్కడే కదల్లేదు. ‘‘మీరు పోండి. నేను పడవల దగ్గరుంటాను’’ అన్నాడు.

‘‘మగపెళ్లివారి పెద్ద లేకుండా సీమంతమైతే పుట్టింటోళ్లకు అవమానం. నువ్వు రాకపోతే నేనూ రాను, పిల్లా రాదు’’ అని పోలేరమ్మ ఇసుకలో చతికిలబడింది. కాశీరావు ఆమెను చూశాడు, కోడలి పొట్టను చూశాడు, చివరగా సముద్రాన్ని చూశాడు. ఆఖరి బండి మీద, వలల గుట్టపైన పెళ్లికొడుకులా కూర్చుని పేటకు వచ్చాడు. సంజీవరావు అన్నమాట ప్రకారం చెంబుతో నీళ్లు తెచ్చి, ‘‘కాళ్లు కడుక్కో బావా’’ అన్నాడు.

మర్నాడు పొద్దున చర్చిలో చాపల మీద తిరపతమ్మను కూర్చోబెట్టి గాజులు తొడిగారు. పాలెం ఆడవాళ్లు పేరంటం పాటలు పాడారు, పేట ఆడవాళ్లు తమకొచ్చినవి తాము పాడారు. విస్తళ్లు వేసి సాంబారు, బూరెలు వడ్డించారు. అప్పటికే గాలి ఈల వేస్తోంది.

తిని ఊరికే కూర్చోవడం చేపల వాళ్లకు రాదు. కాశీరావు తల ఎత్తి చర్చి పైకప్పు చూశాడు. కొత్త రేకులు ఒక మూల టపటపలాడుతున్నాయి. పోయినసారి లేచిపోయింది ఈ కప్పే. ఆయన బయటికి వెళ్లి పెద్దబ్బాయిని, రత్తయ్యను కేకేసి, బండ్ల మీది పడవ తాళ్లు దించమన్నాడు. ఆ తాళ్లను కప్పు మీదుగా ఇటునుంచి అటు విసిరి, రెండు వైపులా కొబ్బరి మొద్దులు పాతి, సముద్రం ముడులు వేసి బిగించారు. చూసేవాళ్లకు గట్టుకు చర్చిని కట్టేసినట్టుంది. ‘‘చుట్టాలు పని చెయ్యకూడదు బావా’’ అని సంజీవరావు మొహమాటపడ్డాడు. ‘‘వియ్యాలోరి ఇల్లు ఎగిరిపోతే మాకు మాట వస్తది గదా’’ అన్నాడు కాశీరావు ముడి లాగుతూ.

సాయంత్రానికి గాలి వచ్చింది. వచ్చిందంటే మామూలుగా రాలేదు. గోడలు అదిరాయి, కొబ్బరి చెట్లు విరిగాయి, నీళ్లు కాలవ గట్టుదాకా వచ్చాయి. లోపల మాత్రం పాలెం పిల్లలు, పేట పిల్లలు కలిసి గాజుల పెట్టెలోని గడ్డితో ఆడుకుంటూ, ఎవరి ఒళ్లో పడితే వాళ్ల ఒళ్లో నిద్రపోయారు. తాళ్లు కిర్రుమన్నప్పుడల్లా పోలేరమ్మ సంపూర్ణమ్మ చెయ్యి గట్టిగా పట్టుకునేది. కప్పు నిలిచింది.

గాలి తగ్గాక పాలేనికి వెళ్లి చూస్తే ఇల్లన్నది లేదు. పోలేరమ్మ వాకిలి ఉన్నచోట ఉప్పునీటి గుంట, కాశీరావు ఉంటానన్న చోట పీకేసిన గుంజ ఒకటి మిగిలాయి. పడవల్లో సగం బాగున్నాయి, సగం పగిలాయి. మనుషులు మాత్రం అందరూ ఉన్నారు. కాశీరావు ఆ గుంజ పక్కన చాలాసేపు నిలబడ్డాడు. తిరిగొచ్చి సంపూర్ణమ్మతో, ‘‘మంచి ముహూర్తమే పెట్టింది మీ రేడియో’’ అన్నాడు.

అధికారులు బియ్యం పంపితే పేట ఆడవాళ్లు చర్చి దగ్గరే దించుకుని, వండి, విస్తళ్లలోనే వడ్డించారు. పళ్లెం పట్టుకుని ఎవరూ ఎక్కడా నిలబడలేదు. పంట పనులు మొదలయ్యేలోపు పేట మగవాళ్లు తాటాకు కొట్టి బండ్ల మీద తోలి, ఒక్కో ఇల్లూ పాలెంవాళ్లతో కలిసి లేపారు. రామకోటేశ్వరరావు వెదుళ్లు ఇప్పించాడు. ఇచ్చినందుకు ఊళ్లో ప్రతివాడికీ చెప్పుకున్నాడు కూడా, అది ఆయన స్వభావం. మొదటి కాన్పు పుట్టింట్లోనే జరగాలి గనక తిరపతమ్మ సంపూర్ణమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. శ్రావణంలో అక్కడే ఆడపిల్లను కన్నది. నెల దాటాక సంపూర్ణమ్మ పిల్లకూ తల్లికీ కొత్త బట్టలు పెట్టి, సారె ఇచ్చి అత్తింటికి పంపింది. బండి కనుమరుగయ్యేదాకా గట్టు మీద నిలబడి ఏడ్చింది.

తర్వాత ఒక ఆదివారం. చర్చిలో ఆరాధన చివర ప్రకటనల వేళ అయింది. పెళ్లయినా, ప్రార్థన కూటమైనా పేటలో ఎవరు ఎవరిని పిలవాలన్నా అప్పుడే అందరికీ వినిపిస్తారు. గుమ్మంలో అలికిడైతే అందరూ తలలు తిప్పారు. పోలేరమ్మ నిలబడి ఉంది. గంప లేదు. ఉతికిన చీర, తలలో పూలు. ముందురోజు లాకుల దగ్గర సంజీవరావును పట్టుకుని, ‘‘మీ ఆడోళ్లు బొట్టు పెట్టుకోరు గదన్నా, మరి మిమ్మల్ని ఎట్టా పిలవాలి?’’ అని అడిగి తెలుసుకుని వచ్చింది.

పాస్టరు ఇశ్రాయేలు నవ్వి, ‘‘చెప్పమ్మా, నేను అందరికీ చదివి వినిపిస్తాను’’ అన్నాడు.

‘‘వద్దండి బాబూ. ఇంకోళ్లు పిలిస్తే గడపకు బొట్టు పెట్టినట్టు ఉంటది. నేనే పిలుత్తాను’’ అంది పోలేరమ్మ.

చెప్పులు లేని పాదాలతో బల్లల మధ్య నుంచి ముందుకు నడిచి వచ్చింది. కొంగు సర్దుకుని అందరివైపూ తిరిగింది. ‘‘బేస్తవారం నాడు మా మనవరాలిని కొత్తింట్లో ఉయ్యాల్లో వేత్తన్నాం. మీరందరూ రావాలి. ముసలీ ముతకా, పిల్లా జెల్లా, అందరూ. వచ్చి మా ఇంట్లో అన్నం తిని పోవాలి.’’

అంతవరకు అందరికీ చెప్పి, చూపులతో సంపూర్ణమ్మను వెతికి పట్టుకుంది.

‘‘అంతగా అయితే రండి అనటం లేదు వదినా. పిలుత్తన్నాను.’’

సంపూర్ణమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. రెండేళ్లుగా గొంతులో కూర్చున్న ముల్లు అప్పుడు దిగింది.

బల్లల మీద కూర్చున్నవాళ్లంతా అలవాటు కొద్దీ ఒక్క గొంతుతో ‘‘ఆమెన్’’ అన్నారు. పోలేరమ్మ బెదిరిపోయి చుట్టూ చూసింది.

‘‘అంటే వత్తారా, రారా?’’

‘‘వస్తాం వదినా’’ అంది సంపూర్ణమ్మ.